వేముల నర్సయ్య, తండ్రి రాజయ్య

2003లో, ఎండలు ముదిరిన రోజుల్లో, కోరుట్ల మండలాఫీసు రికార్డు రూంలో ఉన్న నా బల్ల మీదికి ఒక పెళ్లి పంచాయితీ వచ్చి పడింది. భూముల తగాదాలు చూసి చూసి రాటుదేలినదాన్ని. పెళ్లి తగాదా అనేసరికి మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. కానీ ఆషాఢం దాటేదాకా నాకు అదే ధ్యాస అయిపోయింది.

రికార్డు రూం అంటే చాలామంది అద్దాల బీరువాలు ఊహించుకుంటారు. మాది ఒక పాత గది. దానికున్న ఒక్క కిటికీకీ రెక్క ఊడిపోయింది. గోడల వెంట ఇనుప చట్రాలు, వాటి మీద ఎర్రబట్టలో మూటకట్టిన కాగితాల కట్టలు. ఊరి పేరు చెబితే ఆ ఊరి కట్ట దించి, దుమ్ము దులిపి, అడిగిన కాగితం వెతికి, అధికారి సంతకంతో నకలు ఇవ్వడం నా పని. దాన్నే సర్టిఫైడ్ కాపీ అంటారు. ఎక్కువగా అడిగేది పహాణీ. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నుతున్నారు అని ఏటేటా రాసే రికార్డు అది. అన్నదమ్ములు కొట్టుకుంటేనో, తండ్రి పోతేనో జనానికి రికార్డు రూం గుర్తొస్తుంది. నవ్వుతూ వచ్చినవాళ్లు తక్కువ.

మా నాయిన ఎల్లారెడ్డిపేట దగ్గర తాళ్లెక్కేవాడు. మా ఆయన ఈ ఆఫీసులోనే పనిచేస్తూ పోతే ఆ కొలువు నాకిచ్చారు. పని నేర్చుకున్నాను కానీ మెత్తదనం నేర్చుకోలేదు. నా నోరు మంచిది కాదని ఆఫీసులో పేరు. ఆ పేరు వల్ల కొంత సుఖం కూడా ఉంది, ఊరికే వచ్చి కూర్చునేవాళ్లు ఉండరు.

ఆ రోజు మధ్యాహ్నం గడప దగ్గర ఒక మనిషి, ఆయన వెనక ఒక అమ్మాయి నిలబడ్డారు.

"మేడం, ఒక మనిషిని దేవులాడాలె," అన్నాడాయన.

"మనిషి తప్పిపోతే పోలీస్ స్టేషనుకు పోవాలె. ఇది రికార్డు రూం."

"తప్పిపోలేదు మేడం. సచ్చిపోయి శానేండ్లయింది. మా తాత."

చేతిలో టీ చల్లారిపోతోంది. కూర్చోమని సైగ చేశాను.

ఆయన పేరు శంకరయ్య. సిరిసిల్లలో సాంచాల మీద పని. పవర్‌లూమ్‌ను అక్కడ సాంచా అంటారు. ఆ చప్పుడులో ఏళ్లు గడిపిన చెవులు కాబట్టి నేను మామూలుగా మాట్లాడితే ఆయనకు వినిపించలేదు, గొంతు పెంచాల్సి వచ్చింది. పుట్టింది భీవండిలో. తాత కాలంలోనే ఇక్కడి కరువుకు తట్టుకోలేక అక్కడికి పోయారు. అక్కడ కార్ఖానాలు మూతపడుతుంటే ఈయన పెళ్లాం పిల్లల్ని, తల్లిని వెంటేసుకుని సిరిసిల్ల వచ్చి పడ్డాడు. వచ్చి బాగుపడిందీ లేదు. సిరిసిల్లలో అప్పుడు సాంచాలు వారంలో సగం రోజులు బందు. ఏ నేతన్న ఇంటి చావు కబురు చదవాల్సి వస్తుందోనని పొద్దున పేపరు తెరవడానికే జనం జంకే కాలం.

వెంట వచ్చిన అమ్మాయి ఆయన బిడ్డ స్రవంతి. జగిత్యాల్లో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. అదే దవాఖాన ల్యాబులో పనిచేసే రమేశ్ అనే కోరుట్ల అబ్బాయి, ఈమె ఇష్టపడ్డారు. ఇద్దరిదీ ఒకే కులం. ఇంకేం అడ్డం అనుకుంటాం కదా. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే, వేముల. అదే అడ్డం.

రమేశ్ తండ్రి దుబాయిలో ఉంటాడు. ఇంట్లో పెద్ద తాత లక్ష్మీరాజం. కోరుట్లలో బట్టల దుకాణం. మాట మీద నిలబడే మనిషని ఊళ్లో గౌరవం. ఆయన శంకరయ్యతో అన్న మాట ఇది: "ఒక్క ఇంటిపేరు. మీరు యే ఊరోళ్లో మీకే ఎరుక లేదు. మాకు పాలోళ్లయితే పిల్ల, పిలగాడు అన్నచెల్లెండ్లయితరు. కాదని రుజువు తెండ్రి, నేనే ముంగట నిలవడి లగ్గం చేస్త. శ్రావణం దాక ఆగుత. గప్పటికీ తేలకపోతే పిలగానికి వేరే సంబంధం చూస్త."

పాలోళ్లంటే తండ్రి వైపు రక్తం. ఏనాడో ఒక ఇంట్లోంచి భాగాలు పంచుకుని విడిపోయినవాళ్లు. ఎన్ని తరాలైనా వాళ్ల పిల్లలు ఒకరికొకరు అన్నాచెల్లెళ్లే.

"మరి గోత్రం చూస్తే తేలుతది గదా?" అన్నాను.

"మా గోత్రం మాకెరుక లేదు మేడం. భీవండిల అయ్యగారికి ఇంటిపేరు చెప్తే, గాయినే ఒక గోత్రం చెప్పిండు. ఇన్నేండ్లు గదే చెప్పుకుంటున్నం."

నాకు ఒళ్లు మండింది. "నేనేమన్న పెండ్లిళ్ల పేరయ్యననుకున్నరా? సర్వే నంబర్ ఉంటే చెప్పుండ్రి, లేకపోతే లేవుండ్రి," అన్నాను.

శంకరయ్య లేచాడు. స్రవంతి లేవలేదు.

"మేడం, మేం లేచిపోతే పోవచ్చు. రమేశ్ గూడ అస్తనన్నడు. గని రేపు నాకు పిల్లలైతరు. వాళ్లను పట్టుకోని ఎవరన్న అన్నచెల్లెండ్లకు పుట్టిన్రని అంటే నేనేం జెప్పాలె? నిజంగనే పాలోళ్లమైతే చెప్పుండ్రి, నేనే వద్దనుకుంట. కాకపోతే మాత్రం కాదని తెల్వాలె."

గొంతు పెంచకుండా చెప్పింది. ఏడవలేదు. ఇలాంటి మనుషుల ముందు నా నోరు పనిచేయదు. కాగితం తీసి రాసుకోవడం మొదలుపెట్టాను.

వాళ్ల దగ్గర ఉన్నది భీవండి రేషన్ కార్డు జిరాక్సు ఒక్కటే. అందులో శంకరయ్య తాత పేరు "వేముల నర్సయ్య, తండ్రి రాజయ్య" అని ఉంది. ఊరి పేరు లేదు. ఎల్లారెడ్డిపేట దిక్కని ఎవరో అన్నారట, అంతే. ఆ పేర్లు చూసి నేను తల పట్టుకున్నాను. మా దిక్కు ఒక పక్క ధర్మపురి నర్సింహస్వామి, ఇంకో పక్క వేములవాడ రాజన్న. ఏ దేవుడికి మొక్కుకుంటే పుట్టిన పిల్లవాడికి ఆ దేవుడి పేరు. ఇంటికో నర్సయ్య, ఇంటికో రాజయ్య. ఇక వేముల అనే ఇంటిపేరు సాలెవాళ్లలో ఉంది, ఇతర కులాల్లోనూ ఉంది. గడ్డివాములో సూదిని వెతకడమే నయం. సూది కనీసం గడ్డిలా ఉండదు.

ముందు సిరిసిల్ల పోయాను. ఎల్లారెడ్డిపేట కట్టలు దింపించి చూస్తే వేముల నర్సయ్యలు వరసకట్టి కనిపించారు. ఒకడి తండ్రి మల్లయ్య. ఇంకొకడి తండ్రి రాజయ్యే కానీ, మనవాడు భీవండిలో మగ్గం నేస్తున్న కాలంలో వాడు ఇక్కడ ఎడ్లు కట్టి దున్నుతున్నాడు. మరొకడిది వేరే కులం. ఒక్కొక్కడు దొరికినప్పుడల్లా ఆశ పొంగడం, రెండు కాగితాలు తిప్పేసరికి చల్లబడటం. వారం వారం శంకరయ్య ఎస్‌టీడీ బూత్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేసేవాడు. "దొరికిండా మేడం?" "ఇంకా లేదు." "సరే మేడం, పరేశాన్ గాకుండ్రి," అని ఆయనే నాకు ధైర్యం చెప్పేవాడు.

సిరిసిల్ల దిక్కు లేడంటే ఇక మిగిలింది పక్కనున్న జగిత్యాల. తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు పాత కట్టలు కొన్ని ఇక్కడికి, కొన్ని అక్కడికి చెదిరిపోయాయి. నిజాం నాటివి ఉర్దూలో ఉంటాయి. నాకు ఉర్దూ అక్షరాలు వస్తాయి గానీ ఆ గొలుసుకట్టు రాత చదవడం నా వల్ల కాదు. అందుకని రిటైరైన ఖాదర్ సాబ్‌ను బతిమాలుకున్నాను. ఆయన జగిత్యాల కచేరీలో నకళ్లు రాసిన మనిషి. చాయ్ పోయిస్తే ఎంతసేపైనా కూర్చుంటాడు, కానీ పాత పట్వారీల దస్తూరీని తిట్టకుండా ఒక్క పేజీ తిప్పడు.

సెలవు పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. ఊరి తర్వాత ఊరు దించాం. మేడిపల్లి కట్ట విప్పిన కాసేపటికి ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"మిల్ గయా అమ్మా. దొరికిండు నీ నర్సయ్య. పట్టాదారు వేముల రాజయ్య. కబ్జా ఖానాల నర్సయ్య. రెండేండ్లు గిట్లనే ఉంది, మూడో ఏట నర్సయ్య పేరు లేదు. పరదేశం పోయిండని రాసిన్రు."

పట్టాదారు అంటే భూమి ఎవరి పేరున ఉందో ఆ మనిషి. కబ్జా ఖానాలో ఉండేది దున్నుతున్నవాడి పేరు. కాలం సరిపోయింది, పరదేశం పోవడం సరిపోయింది. ఆయన కాగితం నా వైపు తిప్పి పక్క నంబరు మీద వేలు పెట్టాడు. "గీ పక్కది వేముల లింగయ్యది. రాజయ్య తమ్ముడట. ఒకటే నంబరును భాగం పంచుకున్నరు."

లింగయ్య ఎవరో నాకు తెలుసు. లక్ష్మీరాజం తన వంశం ముందే చెప్పి పంపించాడు. సొంతూరు మేడిపల్లి, తాత పేరు లింగయ్య.

అంటే స్రవంతి ముత్తాత తండ్రి, రమేశ్ ముత్తాత తండ్రి సొంత అన్నదమ్ములు. పాలోళ్లు అంటే పాలోళ్లే. సందేహం లేదు. ఖాదర్ సాబ్ సంతోషంగా ఇంకో చాయ్ చెప్పాడు. వెతికింది దొరికినందుకు నాకు ఏడుపు రావడం అదే మొదటిసారి. లోకంలో ఇన్ని వేముల ఇండ్లుంటే, పోయి పోయి ఆ ఇంట్లోనే తేలాలా?

ఈ మాట ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. ఆదివారం సిరిసిల్ల పోయాను. వీధిలో సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. ఎప్పుడూ దడదడలాడే వీధి అట్లా నిశ్శబ్దంగా ఉంటే మనసుకు మంచిగా అనిపించదు. శంకరయ్య ఇంట్లో ఒకటే గది, ముందు చిన్న వరండా. స్రవంతి కూడా ఆ రోజు వచ్చింది. నా మొహం చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

"చెప్పుండ్రి మేడం," అంది.

చెప్పాను. రాజయ్య, లింగయ్య అన్నదమ్ములని, కాగితంలో స్పష్టంగా ఉందని చెప్పాను. శంకరయ్య గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. స్రవంతి కాసేపు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉండి, "మంచిది మేడం. తెలిసింది. రమేశ్‌కు నేనే చెప్త," అని లోపలికి పోయింది. లోపల గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. ఆ పిల్ల గట్టిగా ఏడ్చినా నాకు అంత బాధ అనిపించేది కాదు.

వరండాలో నూలు ఆసుపోస్తున్న ముసలమ్మ చేయి ఆపింది. శంకరయ్య తల్లి నర్సవ్వ. రేషన్ కార్డులోని నర్సయ్యకు కోడలు. అప్పటిదాకా నేను ఆమెను ఏమీ అడగలేదు. భీవండిలో పెరిగి భీవండిలోనే పెళ్లయిన మనిషి, ఆమెకు ఇక్కడి సంగతి ఏం తెలుస్తుందనుకున్నాను.

"మేడిపెల్లోళ్లు మాకు పాలోళ్లా? గదెట్లయితది బిడ్డా?" అంది నా వైపు చూస్తూ. "పాలోళ్లయితే మా మామ సచ్చిననాడు ఒక్కడన్న రాకపోవునా? వచ్చినోళ్లు రుద్రంగోళ్లు. దినాల కాడ గుండ్లు గొట్టిచ్చుకున్నది వాళ్లే."

నేను లేచి ఆమె పక్కన కూలబడ్డాను. "అవ్వా, ఎవరు గుండ్లు కొట్టిచ్చుకున్నరు?"

"కొక్కుల రాజలింగం, వాని తమ్ముడు. గా భీవండిలనే వేరే కార్ఖానల ఉండేటోళ్లు. మా ఆయన ఎంబడి వాళ్లు గూడ గుండు చేయించుకోని, మీసాలు తీయించుకోని, పదొద్దులు మైల పట్టిన్రు. దోస్తులుగావచ్చు, మామంటే పానమిస్తరు అనుకున్న."

"మీ మామను ఎన్నడు అడగలేదా?"

"మామ ముంగట నిలవడుడే ఎరుగను బిడ్డా, ఇంక అడుగుడా? నేను కాపురానికి వచ్చేటాల్లకు మా అత్త లేనే లేదు. మా ఆయన ఏడాది పిలగాడున్నప్పుడు దేశం పోయిండట, గాయినకేం ఎరుక?"

దోస్తు చనిపోతే కన్నీళ్లు పెట్టుకుంటారు, పాడె మోస్తారు, వంటకు సాయం చేస్తారు. గుండు మాత్రం కొట్టించుకోరు. మా దిక్కు దినాలనాడు మంగలి ముందు కూర్చునేది కొడుకులు, పాలోళ్లు. వేరే ఇంటిపేరు వాడు కూర్చుంటే ఊరు ఊరుకోదు. బతికున్న తండ్రికి అరిష్టమని తల్లులు చేయి పట్టి లాగేస్తారు. ఇద్దరు కొక్కుల మగవాళ్లు వేముల నర్సయ్య కోసం గుండు చేయించుకున్నారంటే, నర్సయ్య వేముల ఇంట్లో పుట్టినవాడు కాదు. కొక్కులవాడు.

మరి వేముల ఎట్లా అయ్యాడు? మా పల్లెల్లో పుట్టినదాన్ని, నాకు ఆ క్షణంలో తట్టింది ఒకటే దారి. కొడుకుల్లేని ఇంటివాళ్లు అల్లుణ్ని తెచ్చి ఇంట్లోనే పెట్టుకుంటారు. ఇల్లుటం అంటారు. ఆ అల్లుడు మామ మగ్గం మీద నేస్తాడు, మామ చెలక దున్నుతాడు, కొన్నాళ్లకు ఊరంతా ఆ ఇంటిపేరుతోనే పిలుస్తుంది. ఇల్లుటపోడు అనేది మా దగ్గర సగం తిట్టు. పరాయి దేశం పోయినవాడు అక్కడ ఆ మాట ఎందుకు చెప్పుకుంటాడు? ఎవలోళ్లవు అని అడిగితే రాజయ్య ఇంటోన్ని అని ఉంటాడు. మన దగ్గర ఎవరైనా చెప్పే జవాబు అదే. రాసేవాడు తండ్రి రాజయ్య అని రాసుకున్నాడు.

ఇదంతా నా ఊహ. ఊహకు సర్టిఫైడ్ కాపీ ఇవ్వరు. కానీ లోపలికి వినపడేట్టు గట్టిగానే అన్నాను: "పిల్లా, రమేశ్‌కు అప్పుడే ఏం చెప్పకు. నాకు ఇంకో వారం ఇయ్యి."

గిన్నెల చప్పుడు ఆగింది.

మళ్లీ జగిత్యాల. ఈసారి ఖాదర్ సాబ్‌తో నర్సయ్య ఊసే ఎత్తలేదు. "సాబ్, రాజయ్య చనిపోయినంక ఆయన భూమి ఎవరికి పోయింది? విరాసత్ ఫైలు కావాలె," అన్నాను. విరాసత్ అంటే పట్టాదారు పోయాక వారసుల పేరు ఎక్కించే పని. ఊరి పెద్దలను పిలిచి, చచ్చినవాడికి ఎవరెవరున్నారని అడిగి పంచనామా రాస్తారు. అంతకుముందు మేమిద్దరం దాని జోలికే పోలేదు. ఎప్పుడూ తండ్రి పేరు, కొడుకు పేరు పట్టుకుని పోవడమే మా వృత్తిలో అలవాటు.

ఆ ఫైలు అంత సులువుగా దొరకలేదు. మేడిపల్లి కట్టలో లేదు. రెండు రోజులు పోయాక పక్క ఊరి కట్ట అడుగున, చెదలు కొట్టిన అంచుతో బయటపడింది. ఖాదర్ సాబ్ దానిని వెలుతురులోకి పట్టుకుని మెల్లగా చదివాడు.

"మృతుడు వేముల రాజయ్యకు మగ సంతానం లేదు. ఒక్కతే కూతురు లచ్చమ్మ. ఆమె భర్త, రుద్రంగి వాస్తవ్యుడు కొక్కుల నర్సయ్యను ఇల్లుటం తెచ్చుకున్నాడు. కరువు కారణంగా కూతురు, అల్లుడు, చంటిబిడ్డతో పరదేశం వెళ్లినారు. తిరిగి రాలేదు. అందువల్ల మృతుని తమ్ముడు లింగయ్య పేరున..."

ఆయన ఇంకా చదువుతున్నాడు. నేను వినడం మానేసి కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నాను. "క్యా హువా అమ్మా, మొన్న దొరికితే ఏడ్చినవ్, గిప్పుడు దొరికినా ఏడుస్తున్నవ్," అన్నాడు.

శ్రావణం ఇంకా నాలుగు రోజులుందనగా సర్టిఫైడ్ కాపీ, దాని తెలుగు తర్జుమా పట్టుకుని కోరుట్లలో లక్ష్మీరాజం దుకాణానికి పోయాం. నేను, శంకరయ్య, స్రవంతి. పెద్దాయన గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి స్రవంతికి తానే స్టూలు వేశాడు. ఆ పిల్ల అంటే ఆయనకు ఇష్టమేనని అప్పుడు తెలిసింది.

"తెచ్చిన్రా మేడం? మాకు పాలోళ్లు కాదు గదా?" అన్నాడు. కాదని వినాలన్న ఆశ ఆయన గొంతులోనే ఉంది.

"మీ ఇంటి రక్తమే పెద్దమనిషీ. మీ తాత లింగయ్యకు అన్న రాజయ్య ఉండె. వీళ్లు గా ఇంటోళ్లే."

ఆయన మొహం వాడిపోయింది. కానీ మరుక్షణం కనుబొమలు ముడిపడ్డాయి. "గదెట్ల? రాజయ్య తాతకు కొడుకులు లేకుండె గదా."

"కొడుకులు లేరు. బిడ్డ ఉండె."

కాగితం చదవబోయాను. చదవనియ్యలేదు. కళ్లజోడు తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

"లచ్చత్త," అన్నాడు.

"నేను గింతంత ఉంటి. నూలు కండెలు సుట్టుకుంట నన్ను పక్కపొంటి కూసుండవెట్టుకునేది. వాళ్లు దేశం పోయిననాడు బండెంబడి ఊరు దాటిందాక ఉరికిన. సంకల చంటిపిలగాడు. దిగి వచ్చి నా ముక్కు తుడిచింది. ఏడ్వకు కొడుకా, బతుకమ్మకు అస్త అన్నది. గా ఏడు రాలె. మల్ల ఏడు రాలె. మా బాపును అడిగితే, కరువుకు పోయినోళ్లు ఆడనే బతుకుతరు తియ్యి అన్నడు. యే ఊరు పోయిన్రో ఎవలకెరుక? దేవులాడుదామంటే మామ పేరు గూడ నాకు సరిగ ఎరుక లేకుండె."

"గా చంటిపిలగాడు మా బాపు, పెద్దబాపూ," అన్నాడు శంకరయ్య మెల్లగా.

లక్ష్మీరాజం తలెత్తాడు. "పెద్దబాపు ఏందిరా? లచ్చత్త నాకు మేనత్త. దాని కొడుకు నాకు బామ్మర్ది. బామ్మర్ది కొడుకువు నాకేమైతవు? అల్లునివి. మామ అనురా నన్ను."

మామ అనడానికి శంకరయ్యకు కొంచెం సేపు పట్టింది.

మేనత్త సంతతి, మేనమామ సంతతి. తరాలు మారినా ఆ వరస చెడలేదు. అన్నాచెల్లెళ్లు అవుతారని భయపడ్డ ఇద్దరూ పుట్టుకతోనే బావామరదళ్లు. ఏ కాగితం చూసి పెళ్లి ఆగిపోయిందని ఏడ్చానో, ఆ కాగితంలోని మనుషులే ఈ పెళ్లికి వరస కుదిర్చారు. స్రవంతి అప్పుడు ఏడ్చింది. ఎవరినీ పట్టించుకోకుండా, వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దాయన లేచి ఆమె తల మీద చేయి పెట్టి, గల్లా మీదున్న మంచినీళ్ల చెంబు అందించాడు.

పోయేముందు ఆయనే అన్నాడు, రాజయ్య చెలక తమకు వచ్చింది కదా, న్యాయంగా అది లచ్చత్తది కదా అని. శంకరయ్య చేతులు జోడించి, "పిల్లను ఇచ్చుకునేటోన్ని మామా, భూమి అడుగుతనా?" అన్నాడు. తర్వాత వాళ్లు వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ నంబరు మీద తగాదా పెట్టుకుని నా రికార్డు రూంకు మాత్రం ఎవరూ రాలేదు. నాకు అది చాలు.

శ్రావణంలోనే పెళ్లయింది. రుద్రంగి పోయి వెతికితే కొక్కుల రాజలింగం ఇంకా బతికే ఉన్నాడు. చెవులు సరిగా వినిపించవు, కర్ర పట్టుకుని వచ్చాడు. నర్సవ్వ ఆయనను గుర్తుపట్టి, "గుండు లేకుంటే పోల్చుకుందునా అని భయపడ్డ," అంటే పందిట్లో అందరూ నవ్వారు. ఇంటిపేరు మళ్లీ కొక్కుల అని మార్చుకుంటావా అని శంకరయ్యను అడిగాను. "ఎందుకు మేడం, గీ పేరు మీదనే ఇన్నేండ్లు అన్నం తిన్నం. గని మైల మాత్రం ఇగ రుద్రంగోళ్లతోనే పడుతం," అన్నాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా పని తీరు మారింది. ఎవరైనా ముత్తాత కోసం వస్తే మొదట ఇంటిపేరు అడగడం మానేశాను. ఆయన పోయినప్పుడు దినాలనాడు గుండు కొట్టించుకున్నది ఎవరు, ఆ ఇంట్లో ఆడబిడ్డలు ఎవరు, వాళ్లను ఏ ఊరికి ఇచ్చారు అని అడిగేదాన్ని. మొదట్లో జనం వింతగా చూసేవాళ్లు. ఇంట్లో ఉన్న ముసలమ్మను వెంట తీసుకురమ్మని కూడా చెప్పేదాన్ని. రికార్డులో మగవాళ్ల పేర్లు వరసగా ఉంటాయి, నిజమే. కానీ వాళ్లను కలిపిన మనిషి పేరు కొన్నిసార్లు వేరే ఫైలులో, వేరే కట్ట అడుగున ఉంటుంది.

ఆ ఏడు బతుకమ్మకు నన్ను మేడిపల్లికి పిలిచారు. కొత్త పెళ్లికూతురు మొదటి బతుకమ్మ పుట్టింట్లో ఆడాలి. సిరిసిల్లలో ఆడితే సరిపోతుందని ఎవరో అంటే లక్ష్మీరాజం ఒప్పుకోలేదట. లచ్చత్త పుట్టిల్లు మేడిపల్లి కాబట్టి ఆమె మునిమనుమరాలి పుట్టిల్లు కూడా అదేనని పట్టుబట్టాడు. ఊళ్లో ఉండే తమ్ముడి ఇంట్లో తంగేడు, గునుగు పూలు తెప్పించి రాశి పోయించాడు.

నేను పోయేసరికి ఆయన ఇంట్లో లేడు. పొద్దున్నుంచీ బస్టాపులోనే ఉన్నాడని చెప్పారు. నేనూ అటే పోయాను. ఎండలో తెల్ల పంచె కట్టుకుని నిలబడి, వచ్చే ప్రతి బస్సు వైపూ చూస్తున్నాడు. చాయ్ దుకాణం అతను, "ఎవలస్తున్నరు కాకా, గింత పొద్దుగల్లనే వచ్చి నిలవడ్డవు?" అని అడిగాడు. అప్పుడే జగిత్యాల బస్సు వచ్చి ఆగింది. ముందు స్రవంతి దిగి, నర్సవ్వకు చేయి అందించింది.

"మా లచ్చత్త," అన్నాడు లక్ష్మీరాజం చాయ్ దుకాణం అతనితో. "బతుకమ్మకు అస్తనన్నది."

ఆ మాట అంటూనే బస్సు దగ్గరికి గబగబా నడిచాడు.